సెవిల్‌లో విశాఖపట్నం దంతపు పెట్టె

మా ముత్తాత గంధవరపు జోగారాయుడు గారు భీమునిపట్నం రేవులో ఓడల దుబాసీ, దొరలకూ మనవాళ్లకూ మధ్య మాటా బేరమూ చేరవేసే మనిషి. ఒడ్డుకు రాలేని పెద్ద ఓడలకు పడవల మీద సరుకు చేర్పించే పని ఆయన చేతిలో ఉండేది. నువ్వులు గానీ కరక్కాయ గానీ నీలిమందు గానీ ఆయన చీటీ లేనిదే రేవు దాటేవి కావు. కలెక్టరు బంగళాలో కుర్చీ వేసి కూర్చోబెట్టే మర్యాద ఆ తాలూకాలో నలుగురికే ఉండేది. ఆ నలుగురిలో ఆయన ఒకరు. ఆయన కుమారుడు, మా తాత నరసింగరావు గారు విశాఖపట్నం పాత ఊళ్లో రెండంతస్తుల ఇల్లు కట్టించారు. ఓడల కెప్టెన్లకు, దొరలకు బహుమతిగా ఇవ్వడానికి గంధపు చెక్క మీద దంతం తాపిన పెట్టెలు చేయించేవారు. మా నాన్నగారి కాలానికి ఆ రేవూ లేదు, ఆ పడవలూ లేవు. దుబాసీ అంటే ఏమిటో పిల్లలకు విడమరిచి చెప్పవలసి వచ్చేది. నేను ఉక్కు కర్మాగారం స్టోర్సులో ఇంగ్లీషు ఉత్తరాలు రాసే గుమాస్తాగా చేరి, గుమాస్తాగానే రిటైరయ్యాను. గొప్ప కోసం ఇదంతా చెప్పడం లేదు. నేను స్పెయిన్ వెళ్లడానికి కారణం ఇందులోనే ఉంది.

ఆ పెట్టెలు చేసిన కంసాలి ఇంటి నాలుగో తరం మనిషి అప్పలాచారి. వయసు యాభై ఎనిమిది. పాత పోస్టాఫీసు వెనక సందులో కొట్టు. దంతం ముట్టుకోవడం ఇప్పుడు నేరం, అది న్యాయమైన చట్టమే. అందువల్ల ఆచారి గేదె కొమ్ముతో, ఎముకతో దువ్వెనలూ చదరంగం బంటులూ చేసి అమ్ముతాడు. పాత పద్ధతిలో పలచగా కోసిన రేకు చెక్కకు తాపి, గీత చెక్కి, లక్క నింపే పని తెలిసినవాడు మా ఊళ్లో ఇతనొక్కడే మిగిలాడు. నిరుడు ఒకరోజు ఫోను పట్టుకుని మా ఇంటికి వచ్చాడు.

"ఇదేటో సూడండి బాబుగోరు. ఏ దేశపోళ్లో రాసేరు. కేసు గాని ఎట్టేరేటి నా మీద?"

కేసు కాదు. స్పెయిన్‌లో సెవిల్ నగరంలోని ఒక మ్యూజియం రాసిన ఉత్తరం. వాళ్ల దగ్గర ఒక విశాఖపట్నం దంతపు పెట్టె ఉంది. పైకప్పు కారి తడిసి, రేకులు లేచిపోయాయి. ఆచారి చేసిన కొమ్ము పెట్టె ఫోటో ఎక్కడో చూశారట. వచ్చి సలహా చెప్పగలరా, శిక్షణ పొందిన సర్టిఫికెట్లు పంపగలరా అని అడిగారు.

"సర్టిఫికెట్టా? మా తాత సువ్వెట్టి కొట్టిన మచ్చుంది మోచేతి మీద. దాన్ని ఫోటో తీసి పంపేద్దారి," అన్నాడు ఆచారి.

సర్టిఫికెట్ బదులు నేను ఉత్తరం రాశాను. ఇతని ముత్తాత మా ఇంటికి పని చేశాడు, ఇతని చేతికి గంధవరపు వారి పేరు మీద నేను హామీ ఉంటాను అని. వారం తిరక్కుండా జవాబు వచ్చింది. ఇద్దరూ రావాలి. మంగళ, బుధవారాల్లో ఆచారి పెట్టెను పరిశీలించి తన పద్ధతి వివరించాలి. వాళ్లకు నమ్మకం కుదిరితే గురు, శుక్రవారాల్లో అతని చేతికే మరమ్మతు అప్పగిస్తారు. కుదరకపోతే గురువారం నుంచి వాళ్ల సొంత పద్ధతిలో మొదలుపెడతారు. ఖర్చులు వాళ్లవే, దుబాసీగా వచ్చే నావి కూడా.

నా ఖర్చు నేనే పెట్టుకుంటానని తిరిగి రాశాను. హామీ ఇచ్చినవాడు బత్తెం పుచ్చుకుంటే ఆ హామీకి విలువ ఉండదు. మా ఆవిడ రాజ్యలక్ష్మి ఆ ఉత్తరం చదివి, "మీ పౌరుషానికి విమానం టిక్కెట్టు ఎంతవుతుందో కనుక్కున్నారా?" అంది.

వీసాకు హైదరాబాదు వెళ్లి వేలిముద్రలు ఇవ్వాలి. వెళ్లేవారు ఒక పూట ఎక్కువ చూసుకోండి. ఆచారి ముద్రలు నాలుగుసార్లు పెట్టించినా యంత్రానికి అందలేదు. నలభై ఏళ్లు కొమ్ము అరగదీసిన వేళ్లు, గీతలన్నీ అరిగిపోయాయి. అయిదోసారి అక్కడి అమ్మాయి తడిగుడ్డతో తుడిచి, గట్టిగా నొక్కి పట్టుకుంటే పడ్డాయి.

ఫిబ్రవరి మూడో ఆదివారం ఉదయం ఆరున్నరకు విశాఖలో బయలుదేరాం. ఆచారి పనిముట్ల పెట్టెను, అంటే ఉలులు, ఆకురాళ్లు, చిన్న రంపం, లక్క కడ్డీలను, చేతి సంచీలో రానివ్వరని ముందే తెలుసుకుని సామానులో వేశాం. హైదరాబాదులో పదకొండుకు దోహా విమానం. నా పక్క సీటులో జ్ఞానాపురం అమ్మాయి, మేరీ సునీత అని, దోహాలో నర్సు. సెలవు అయిపోయి తిరిగి వెళుతోంది. ఆచారి బెల్టు తీయలేక అవస్థ పడుతుంటే వంగి తీసిపెట్టింది.

"ఏటి మావయ్యా, ఎక్కడికి?"

"పెట్టె బాగుసెయ్యడానికి."

"పెట్టె కోసం స్పెయినా! మా ఇంట్లో బీరువా తలుపు ఊడి రెండేళ్లయింది, ఒక్కడూ రాడు," అని నవ్వింది. దిగేటప్పుడు మాత్రం, "మీకోసం ప్రార్థన చేస్తాను మావయ్యా, పని బాగా జరగాలని," అని చెప్పి వెళ్లింది.

మాడ్రిడ్‌లో దిగేసరికి చీకటి పడింది. విమానాశ్రయం దగ్గర చిన్న హోటల్లో పడుకుని, సోమవారం ఉదయం పసుపురంగు బస్సులో అతోచా స్టేషనుకు వెళ్లాం. మనిషికి అయిదు యూరోలు, నలభై నిమిషాల ప్రయాణం. రైలు ఎక్కడానికి ముందు ఇక్కడ సామాను యంత్రంలో పెట్టి చూస్తారు. ఆచారి పనిముట్ల దగ్గర యంత్రం ఆగింది. కాపలా ఆయన పెట్టె తెరిపించి, ఉలి పైకెత్తి ఏదో అడిగాడు. నేను మ్యూజియం ఉత్తరం చూపించాను. ఆయన అది పూర్తిగా చదివి, ఉలిని ఎక్కడి నుంచి తీశాడో అక్కడే పెట్టి, మూత తనే వేశాడు. ఆచారికి అది బాగా నచ్చింది.

"సూసారా, ఉలి మొన తనేపుకి పెట్టుకుని, పిడి నా యేపుకి పెట్టేడు. పని తెలిసినోడండి."

తొమ్మిది గంటల రైలు పదకొండున్నరకు సెవిల్ చేర్చింది. ముందుగా కొంటే టిక్కెట్టు సగం ధరకు దొరుకుతుంది. దారంతా ఆలివ్ తోటలు, ఎర్రమట్టి గుట్టలు. నదికి అవతలి ఒడ్డున త్రియానా పేటలో గదులు తీసుకున్నాం. రోజుకు నలభై ఎనిమిది యూరోలు, పొద్దుటి కాఫీ, రొట్టె కలిపి. ఇంటామె పేరు పిలార్. డెబ్బై ఏళ్ల మనిషి. ఇంగ్లీషు రాదు, అయినా రోజంతా మాతో మాట్లాడుతూనే ఉండేది. ఆచారి ఆవిడకు తెలుగులోనే జవాబు చెప్పేవాడు. ఇద్దరికీ ఏ ఇబ్బందీ కలగలేదు.

స్పెయిన్‌లో సోమవారం చాలా మ్యూజియాలకు సెలవు. ఆ రోజు ఊరు చూశాం. వీధుల పొడవునా నారింజ చెట్లు, నిండా కాయలు. ఎవరూ కోయడం లేదేమిటా అనుకునేలోపే ఆచారి ఒకటి కోసి, ఒలిచి, తొన నోట్లో వేసుకున్నాడు. ముఖం ముడుచుకుపోయింది.

"దబ్బకాయి నయమండి దీనికన్నా! అందుకే ఒగ్గేసినారు."

పెద్ద చర్చి గోపురానికి మెట్లు లేవు, వాలుగా పైదాకా బాట ఉంది. పూర్వం ఇది మసీదుగా ఉన్నప్పుడు ప్రార్థనకు పిలిచేవాడు గుర్రం మీద ఎక్కేవాడట. నేను మధ్యలో ఎక్కడా కూర్చోకుండా ఎక్కాను. పైనుంచి చూస్తే ఊరంతా తెల్లగోడలు, మధ్యలో నది. సముద్రానికి చాలా లోపల ఉన్న రేవు ఇది. ఒకప్పుడు దేశం సంపదంతా ఈ నది మీదే దిగింది. తర్వాత నది పూడి, వ్యాపారం వేరే రేవుకు తరలిపోయింది. అయినా ఈ ఊరు తల వంచుకోలేదు, గోడలకు సున్నం వేయడం మానలేదు. అది చూసి నాకు ఈ ఊరి మీద గౌరవం కలిగింది.

మంగళవారం ఉదయం పది గంటలకు మ్యూజియంలో మరమ్మతు గదికి తీసుకువెళ్లారు. ఆ గదికి అధికారి ఇనెస్ అనే ఆవిడ. నలభై అయిదేళ్లు ఉంటాయి, మాట తక్కువ. మా ఇద్దరికీ నీలం చేతితొడుగులు ఇచ్చింది. తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద పెట్టె తెచ్చి పెట్టారు. మూరెడు పొడవు. దంతపు రేకుల మీద నల్లటి గీతల్లో మేడలు, కొబ్బరిచెట్లు, అంచున తీగ. నాలుగైదు రేకులు లేచి ఉన్నాయి, ఒకటి పోయింది. మూత ఎడమ మూల పగుళ్లు. పక్కన ఉన్న కాగితంలో 'భారతదేశం, తూర్పుతీరం' అని మాత్రం రాసి ఉంది.

ఆచారి పది నిమిషాలు చేతులు వెనక్కి కట్టుకుని చుట్టూ తిరిగాడు. తర్వాత పెట్టె ముందు నిలబడి మెల్లగా తల వంచాడు. పెద్దల పనికి దండం పెడుతున్నాడనుకున్నాను. ఇనెస్ కూడా అలాగే అనుకుంది కాబోలు, మర్యాదగా కళ్లు దించుకుంది. ఆచారి ఇంకా వంగి, మూత ఎడమ మూల మీద నాలిక పెట్టాడు. తలెత్తి ఆలోచించి, ముందువైపు రేకు మీద మళ్లీ పెట్టాడు.

ఇనెస్ వేసిన కేకకు బయటి కాపలావాళ్లు ఇద్దరు పరిగెత్తుకొచ్చారు. రెండు నిమిషాల్లో మేము నడవలో ఉన్నాం.

"ఏమిటయ్యా ఆ పని?"

"రుసి సూసానండి."

"మ్యూజియంలో వస్తువును నాకుతావా! నా హామీ మీద వచ్చావు నువ్వు."

"ఆ మూల దంతం కాదండి బాబుగోరు. ఎముక. నాలికని అట్టుకుంది. దంతం అట్టుకోదు, జారిపోతాది. మిగిలిందంతా మంచి దంతమే. మా తాత రోజుల్లో ఏ పెట్టె వచ్చినా అలాగే సూసేవోడు."

"ఆ మాట ముందే చెబితే నేను వాళ్లకు చెప్పేవాణ్ని కదా."

"ముందు నాలికెట్టి, తర్వాత నోరు తెరవాలండి. తెలీకుండానే నోరు తెరిస్తే మా తాత కొట్టేవోడు."

గంట తర్వాత ఇనెస్ బయటికి వచ్చి, చాలా మర్యాదగా, చాలా చల్లగా చెప్పింది. సేవలకు కృతజ్ఞతలు. గురువారం నుంచి తమ పద్ధతిలోనే, అంటే పెట్టెను తేమ గదిలో ఉంచి రేకులు మెత్తబరిచి అతికించే పద్ధతిలో మొదలుపెడతారు. మాకు ఆదివారం దాకా గదులు ఉంటాయి, ఊరు చూడవచ్చు. ఎముక సంగతి నేను చెప్పబోయాను. ఆవిడ చేయి అడ్డం పెట్టి తలుపు వేసుకుంది.

తేమ గది మాట చెప్పగానే ఆచారి బెంచీ మీద కూలబడ్డాడు.

"ఎముక నీల్లు తాగి ఉబ్బుతాదండి. దంతం ఉబ్బినా అంత ఉబ్బదు. ఆ మూల ఉబ్బిందంటే పక్క రేకులన్నీ తోసేత్తాది. పెట్టె పోనాదండి. మా తాతోలి పెట్టె పోనాది."

మా వంశంలో మాట ఇచ్చి తప్పినవాడు లేడు. ఆస్తి పోయింది గానీ ఆ ఒక్కటీ పోలేదు. ఇప్పుడు అది కూడా పోయేట్టుంది. మధ్యాహ్నం మూడింటికి పిలార్ వడ్డించిన ఉప్పుచేప, బంగాళదుంప అట్టు ఇద్దరం సగం కూడా తినలేదు. ఆచారి తెచ్చుకున్న ఆవకాయ సీసా తెరవనే లేదు.

బుధవారం పొద్దున్న గదిలో కూర్చోలేక, లలితకళల మ్యూజియానికి బయలుదేరాం. పాత సన్యాసుల మఠంలో ఉంటుంది, టిక్కెట్టు ఒకటిన్నర యూరో. సెవిల్ వెళ్లేవారు దీన్ని తప్పకుండా చూడాలి. లోపల రాతి స్తంభాల ముంగిళ్లు, నారింజ చెట్లు, తర్వాత గది వెనక గది. ఒకప్పటి గుడి హాల్లో రెండు నిలువుల ఎత్తు పటాలు. తెల్లని అంగీల సన్యాసులు, ఏడ్చే తల్లులు, బాణాలు దిగిన భక్తులు. ఆ తెల్ల అంగీల మడతల్లోనే చిత్రకారుడు ఎన్ని తెలుపులు చూపించాడో! నేను అరగంట కదల్లేకపోయాను.

"ఇన్ని పటాల్లో ఒక్కడూ నవ్వడేటండి?" అన్నాడు ఆచారి.

"భక్తులయ్యా."

"మన అన్నమయ్య కీర్తనలోళ్లు బాగానే నవ్వుతారే!"

మూడో గదిలో తాడు కట్టి ఉంది. లోపల ఒక యువతి, ఎత్తు బల్ల మీద కూర్చుని, పెద్ద పటాన్ని శుభ్రం చేస్తోంది. సందర్శకులు నిలబడి చూడవచ్చు. ఆమె పుల్లకు దూది చుట్టింది. ఆ దూదిని నోట్లో పెట్టుకుంది. తీసి, దేవదూత బుగ్గ మీద మెల్లగా తిప్పింది. దూది నల్లబడింది. కొత్త దూది చుట్టి మళ్లీ నోట్లో పెట్టుకుంది.

ఆచారి నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"అది ఉమ్మేనండి! బాబుగోరు, ఉమ్ము!"

నేను తాడు దగ్గరకు వెళ్లి, ఇంగ్లీషులో మర్యాదగా అడిగాను. అది మీ నోటి తడేనా అని. ఆ అమ్మాయి సిగ్గుపడలేదు, సంతోషంగా చెప్పింది. పాత మురికికి ఇంత మెత్తటి మందు మరొకటి లేదు, మా గురువులు నేర్పారు, ఈ వృత్తిలో అందరం చేస్తాం అని.

"అందరూనా?"

"అందరూ."

ఆ అమ్మాయికి నమస్కరించి, బయటికి వచ్చి, బస్సు కోసం ఆగకుండా టాక్సీ ఎక్కాను. ఈ ప్రయాణంలో నేనెక్కిన టాక్సీ అదొక్కటే. పన్నెండూ నలభైకి పెట్టె ఉన్న మ్యూజియం గుమ్మంలో ఉన్నాం. ఇనెస్ బయటికి రాదని చెప్పారు. వచ్చేదాకా నిలబడతానని చెప్పాను. కుర్చీ చూపించారు, కూర్చోలేదు. పావుగంటకు వచ్చింది.

"అమ్మా, నేను వేడుకోవడానికి రాలేదు. ఒక ప్రశ్న అడగడానికి వచ్చాను. మీరు పటాన్ని నోటి తడితో తుడుస్తారా?"

"తుడుస్తాం."

"ఎవరు నేర్పారు?"

"మా గురువు."

"ఇతనికి తాత నేర్పాడు. మీ గురువు దూది చుట్టమన్నారు, ఇతని తాత చుట్టమనలేదు. తేడా దూది ఒక్కటే. అనుమతి అడక్కపోవడం తప్పు, ఆ తప్పుకు ఇతని తరపున నేను క్షమాపణ చెబుతున్నాను. కానీ ఇతను కనిపెట్టింది తప్పు కాదు. మూత ఎడమ మూల ఎముక. రేపు మీరు తేమలో పెడితే ఆ మూల ఉబ్బి మిగతావి విరుగుతాయి. భూతద్దం పెట్టి చూడండి. నేను చెప్పింది అబద్ధమైతే, మీ కాగితాల్లో నా వంశం పేరు కొట్టేయండి."

ఇనెస్ నన్ను చూసింది, ఆచారిని చూసింది. ఏమనుకుందో, పక్కకు తిరిగి నవ్వేసింది. "లోపలికి రండి," అంది. "ఆయన్ని చేతులూ, నాలికా దగ్గర పెట్టుకోమనండి."

మూత మీద దీపం దించి, పెద్ద భూతద్దంలాంటి యంత్రం పెట్టారు. దంతం తెరమీద పాలమీగడలా నున్నగా కనిపించింది. ఎడమ మూల దగ్గరకు రాగానే సన్నటి చుక్కలు, గీతలు, పిన్నుతో పొడిచినట్టు. ఒకప్పుడు రక్తం పారిన దారులు. ఎముకకు ఉంటాయి, దంతానికి ఉండవు. ఇనెస్ తన పైఅధికారికి కబురు పంపింది. ఆయన వచ్చి చూశాడు. ఇద్దరూ తమ భాషలో చాలాసేపు మాట్లాడుకున్నారు. రెండున్నరకు ఇనెస్ నా వైపు తిరిగింది.

"తేమ గది రద్దు చేశాం. రేపు తొమ్మిదింటికి మాస్టరు గారు పనిలోకి రావాలి."

మాస్టరు గారు అంటే ఎవరని ఆచారి అడిగాడు. నువ్వే అన్నాను.

"అలగేటి!" అని, తొడుగులు తీసి ముఖం తుడుచుకున్నాడు. ఆ సాయంత్రం ఆవకాయ సీసా తెరిచాడు. పిలార్ ఒక ముక్క తిని, కళ్లనీళ్లు పెట్టుకుని, రెండో ముక్క అడిగింది.

గురు, శుక్రవారాలు నేను గోడ పక్కన కుర్చీలో కూర్చుని మాటలు అటూ ఇటూ చేరవేశాను. దుబాసీ పనే అది. నాలుగో తరంలో మా ఇంటికి మళ్లీ వచ్చింది. నిప్పు పెట్టడానికి వీల్లేదన్నారు. ఆచారి కుంపటి బదులు వాళ్ల కరెంటు వేడిచువ్వ పట్టుకుని, ముందు సణిగాడు, తర్వాత "ఇది మంచి వొస్తువండి, వేడి మాట ఇంటాది," అన్నాడు. లేచిన రేకుల కింద పాత జిగురు గోకి, కొత్తది రాసి, దారం చుట్టి బిగించాడు. పోయిన రేకుకు బదులు వాళ్లిచ్చిన ఆవు ఎముక కోసి, అరగదీసి, కొబ్బరిచెట్టు చెక్కాడు. గీతల్లో నల్లలక్క కరిగించి నింపి, పైన మిగిలింది గీరి, ఇంటి నుంచి తెచ్చిన ఎండు బరివెంక ఆకుతో రుద్దాడు. గరుకు కాగితం కన్నా మెత్తగా నునుపు తెచ్చే ఆకు అది. ఇనెస్ ముందు గాజుపలక మీద రుద్ది చూసి, గీత పడలేదని నిర్ధారించుకుని, తర్వాత ఒప్పుకుంది.

ఒక్కచోట మాత్రం పట్టింపు వచ్చింది. కొత్త రేకు పాతదానిలో కలిసిపోయేలా రంగు పట్టిస్తానన్నాడు ఆచారి. కూడదంది ఇనెస్. దగ్గర్నుంచి చూస్తే కొత్తది కొత్తదని తెలియాలి, అది మ్యూజియం నియమం.

"అతుకు అగుపడితే మా తాత కర్ర తీసేవోడని సెప్పండి."

చెప్పాను. ఇనెస్ జవాబు: "అతుకు కనిపించకపోతే మా గురువు తీసేవారు."

ఆచారి పగలబడి నవ్వి, "మరింకేటి, ఆవిడా దెబ్బలు తిన్న మనిసే," అని రంగు పక్కన పెట్టేశాడు.

శుక్రవారం సాయంత్రం అయిదింటికి పెట్టె పూర్తయింది. మూత వేస్తే నాలుగు వైపులా ఒక్క వెంట్రుక దూరే సందు లేదు. గదిలో ఉన్న ఏడుగురూ చప్పట్లు కొట్టారు. ఇనెస్ కొత్త కాగితం తెచ్చి చూపించింది. 'విశాఖపట్నం. దంతం, ఎముక, గంధపు చెక్క, లక్క. మరమ్మతు: అప్పలాచారి, విశాఖపట్నం.' తర్వాత నా వైపు తిరిగి, మీ హామీ ఉత్తరం ఈ పెట్టె దస్తావేజులతో పాటు ఇక్కడే ఉంటుంది, పెట్టె ఉన్నంత కాలం తీయరు అంది. నేను లేచి నిలబడి తల పంకించాను. ఆ సమయంలో నాకు ఇంగ్లీషు సరిగ్గా రాలేదు.

శనివారం బజారు. సెవిల్‌లో కొనవలసినవి రెండే. త్రియానా పేటలో గోడలకు తాపే రంగుల పెంకులు, పాత బజారులో విసనకర్రలు. పెంకులు బరువు, రెండు చాలు. విసనకర్రల కొట్టులో బేరం చేయకూడదు, మర్యాద కాదు. నేను రాజ్యలక్ష్మికి నల్ల చెక్క మీద తెల్లపూలు వేసిన విసనకర్ర కొన్నాను. కొట్టు ముసలాయన అద్దాల బీరువాలోంచి పాత విసనకర్ర ఒకటి తీసి, పుల్లలు చూపించి, దంతం అన్నట్టు సైగ చేశాడు. ఆచారి నా వైపు చూశాడు.

"అడిగి సూడండి బాబుగోరు. ఈసారి అడిగే పెడతాను."

నేను సైగలతోనే అనుమతి అడిగాను. ముసలాయన ముందు బిత్తరపోయి, తర్వాత ఉత్సాహంగా ముందుకు చాచాడు. ఆచారి చివర నాలిక ఆనించి, తల అడ్డంగా ఊపాడు. ముసలాయన తనే ఆ పుల్లను నాకి చూసుకుని, భార్యను కేకేసి, ఆవిడ చేత కూడా నాకించాడు. మేము వచ్చేసేటప్పటికి ఇద్దరూ బీరువాలోవన్నీ ఒక్కొక్కటే తీస్తున్నారు.

ఆదివారం ఉదయం పదింటి రైలుకు తిరుగు ప్రయాణం. స్టేషనుకు పిలార్ వచ్చింది. ఆవకాయ సీసా ఖాళీ చేసి కడిగి తెచ్చి, అందులో ఆలివ్ కాయలు నింపి ఆచారికి ఇచ్చింది. రైలులో ఎదురు సీటాయన, కొర్దోబాలో దిగవలసిన బడిపంతులు, మేము ఏ ఊరి వాళ్లమని అడిగాడు. ఆచారి నా కన్నా ముందు జవాబిచ్చాడు. అతనికి వచ్చిన స్పానిష్ మాట ఒక్కటే, మ్యూజియంలో నేర్చుకున్నది, మాస్టరు అని అర్థం. "మాయెస్త్రో," అని తన గుండె మీద చేయి పెట్టుకుని, "విశాఖపట్నం," అన్నాడు. పంతులు లేచి చేయి కలిపాడు.

సెవిల్ వెళ్లేవారు మార్చిలోపు వెళ్లండి, తర్వాత ఎండ ఎక్కువ. మ్యూజియాలకు రెండు రోజులు కేటాయించండి. గోపురం పొద్దున్నే ఎక్కండి. ఒకప్పుడు గొప్పగా బతికి, తర్వాత తగ్గి, అయినా వీధులు ఊడ్చుకుని, పాతవి తుడుచుకుని, వచ్చినవాళ్లకు సరిగ్గా కుర్చీ వేసే ఊరు ఎలా ఉంటుందో తెలుస్తుంది. నేను చూసిన ఊళ్లలో ఇంత నిటారుగా నిలబడ్డది మరొకటి లేదు. ఆ ఊళ్లో ఇప్పుడు మా ఊరి పేరూ, మా ఇంటి మాటా ఉన్నాయి.

ఖర్చు గురించి చదువరులు అడుగుతారు కాబట్టి అది కూడా రాస్తున్నాను. నా టిక్కెట్టుకు, గదికి, భోజనానికి మా తాత గారు పెట్టించిన వీధి గుమ్మం టేకు తలుపులు రెండూ సరిపోయాయి. జనవరిలో ఎలమంచిలిలో హోటలు కట్టుకుంటున్న ఆయనకు అమ్మాను. గుమ్మానికి ఇప్పుడు ఇనుప షట్టరు ఉంది.